నల్ల కారు మీద సాలెగూడు గీతలు: పెళ్లికి ముందు పాలిష్ పెట్టించకు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మూడేళ్ల నల్ల సెడాన్, విజయవాడ భవానీపురంలో అపార్ట్‌మెంట్, పైకప్పు లేని పార్కింగ్. రాత్రి పెట్రోలు బంకు లైట్ల కింద ఆపితే బోనెట్ నిండా సాలెపురుగు అల్లినట్టు సన్నటి గీతలు కనిపించాయి. సర్వీస్ సెంటర్ వాళ్లు టెఫ్లాన్ వేయిస్తే పోతాయన్నారు. ఇంకో షాపులో 9హెచ్ సిరామిక్ అన్నారు. ఫ్రెండేమో టూత్‌పేస్ట్ రుద్దమన్నాడు. వచ్చే నెల గుంటూరులో చెల్లి పెళ్లి, పెళ్లికూతురు ఎక్కేది ఈ కారే, అద్దంలా మెరవాలి. ఇదీ నీ టెన్షన్.

ముందే చెప్పేస్తాను. ఆ మూడింటిలో ఏదీ ఆ గీతల్ని తీయదు. తీసే పద్ధతి ఉంది కానీ, పెళ్లికి ముందు మాత్రం చేయించవద్దు. ఎందుకో తర్వాత చెప్తాను. నేను 1998 నుంచి విజయవాడ ఆటోనగర్‌లో కార్ల పెయింటు పనిలోనే ఉన్నాను. మొదటి పదేళ్లు లప్పం, వాటర్ పేపర్, స్ప్రే గన్. ఆ తర్వాత నుంచి పాలిషింగే.

ఇంట్లో రోజూ పీచుతో తోమే స్టీలు కంచం ఒకటి తీసి, ఒక్క బల్బు మాత్రమే వెలుగుతున్న చోట వంచి చూడు. బల్బు ప్రతిబింబం చుట్టూ సన్నటి గీతలు వలయాల్లా కనిపిస్తాయి. కంచం కదిపితే ఆ వలయాలూ బల్బు వెంటే జరుగుతాయి. అంటే గీతలు గుండ్రంగా లేవన్నమాట. అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా ఉన్నాయి, వెలుగుకు అడ్డంగా పడ్డవి మాత్రమే కంటికి మెరుస్తున్నాయి. నీ బోనెట్ మీద జరిగేదీ ఇదే. "గుండ్రంగా తుడవడం వల్లే వచ్చాయండీ, ఇక నిలువుగా తుడవమన్నాను" అంటూ నెలకు ఇద్దరైనా వస్తారు నా దగ్గరికి. నిలువుగా తుడిచినా అడ్డంగా తుడిచినా మధ్యలో ఉన్న దుమ్ము అదేగా. తెల్ల కార్ల మీదా ఇన్ని గీతలూ ఉంటాయి, కాకపోతే గీత చెదరగొట్టే వెలుగు ఆ తెలుపులో కలిసిపోతుంది. నలుపు మీద దాక్కోవడానికి చోటు లేదు.

కారు రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన రంగు లేని క్లియర్ కోటు ఉంటాయి. చాలా కార్లకు కంపెనీ పెయింటు మొత్తం కలిపి 100 మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ 35 నుంచి 50. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, నీ కారు మెరుపంతా వెంట్రుకలో సగం పైచిలుకు మందమున్న పొర మీద ఆధారపడి ఉంది. ఆ గీతలు పడింది ఆ పొరలోనే. గీతను ఎవరూ తీసి పారేయలేరు. దాని చుట్టూ బాగున్న క్లియర్‌ని గీత అడుగు దాకా అరగదీసి చదును చేస్తారు, అంతే. సాన మీద గంధపు చెక్క అరగదీసినట్టు. గంధం వస్తుంది, చెక్క తగ్గుతుంది. గట్టి కాంపౌండ్‌తో, అంటే పెయింటును ఎక్కువగా కోసే ముద్దతో, ఒకసారి అరగదీస్తే రెండు నుంచి నాలుగు మైక్రాన్లు పోవచ్చు. సన్న పాలిష్‌తో ఒకటో, అంతకన్నా తక్కువో. ఒకసారి చేయిస్తే ఏమీ కాదు. దీపావళికి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి రబ్బింగ్ పాలిష్ చేయించే మహానుభావులున్నారు, వాళ్ల కార్లకు ఐదారేళ్లలో పైకప్పు మీద క్లియర్ పలచబడి, ఎండకు తెల్లగా పొరలు లేస్తుంది. అప్పుడిక పాలిష్‌కు పనికిరాదు, పెయింటే.

ఈ మాట నాకు పుస్తకం చదివి తెలియలేదు. నేను పని నేర్చుకున్నది అంబాసిడర్ ట్యాక్సీల మీద. అప్పట్లో వాటికి వేసే పెయింటుకు విడిగా క్లియర్ ఉండేది కాదు, రంగే పై పొర. రుద్దితే గుడ్డకు రంగు అంటేది, మేస్త్రి "ఊఁ, కోస్తోంది, కానియ్" అనేవాడు. రంగు అంటితేనే పని జరుగుతున్నట్టు లెక్క. తర్వాత ఒక రోజు మెరూన్ రంగు కారు, కొత్తది, పాలిష్‌కు వచ్చింది. ఒకే చోట గుండ్రంగా తిరిగే రోటరీ పాలిష్ మిషన్‌కు ఉన్ని ప్యాడ్ తగిలించి బోనెట్ అంచున మడత దగ్గర నొక్కి పట్టాను. ప్యాడ్‌కు మెరూన్ అంటింది. నాకేమీ అనిపించలేదు, ఇంకాస్త నొక్కాను. చెయ్యి తీసేసరికి ఆ మడత పొడవునా దారమంత సన్నగా బూడిదరంగు గీత. ప్రైమర్. క్లియర్ పోయింది, రంగూ పోయింది. మిషన్ ఆపి నీళ్లు చల్లి తుడిచాను, వేలితో రుద్దాను, ఉమ్మి కూడా రాశాను. బూడిదరంగు బూడిదరంగులాగే ఉంది. బోనెట్ మొత్తం మళ్లీ పెయింటు వేయాల్సి వచ్చింది, రెండు నెలల జీతం దానికే పోయింది. క్లియర్ ఉన్న కారు మీద ప్యాడ్‌కు రంగు అంటిందంటే అర్థం ఒక్కటే, మిషన్ ఆపెయ్. అంచుల మీద, మడతల మీద పెయింటు మామూలుగానే పలచగా ఉంటుంది, ప్యాడ్ ఒత్తిడంతా అక్కడే పడుతుంది. అందుకే ఇప్పటికీ మిషన్ పట్టుకునే ముందు అంచులన్నిటికీ మాస్కింగ్ టేప్ వేస్తాను. మా కుర్రాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఇక గీతలు ఎవరు పెట్టారన్నది. నెలకింతని ఇచ్చి తుడిపించుకుంటున్నానన్నావు. తెల్లవారుజామున ఒక బకెట్, ఒక పాత బనియన్ గుడ్డ, పాతిక కార్లు. మొదటి కారుకు నీళ్లు నీళ్లలాగే ఉంటాయి, పదో కారుకు ఒండ్రు. నీది ఎన్నో కారో అడిగావా? అతన్ని తిట్టి లాభం లేదు, మనం ఇచ్చే డబ్బుకు అతను చేయగలిగింది అదే. పైగా మీది భవానీపురం. అటు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్, ఇటు ఇసుక లారీలు. ఆ బూడిదలోనూ ఇసుకలోనూ ఉండే సిలికా క్లియర్ కన్నా ఎంతో గట్టిది. పొడి గుడ్డతో తుడిచావంటే ఉప్పు కాగితం రుద్దినట్టే. నూనె పూసిన దారాలతో ఎర్రగా ఉండే డస్టర్లు అమ్ముతారు చూడు, దుమ్ము ఎత్తుకుంటుందంటారు. కొంత ఎత్తుకుంటుంది, మిగతాది ఈడ్చుకుపోతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కార్లు చూస్తే ఈ సంగతి కళ్లకు కట్టినట్టు తెలిసేది. ఇంజన్ల గోల సరే, అది వేరే కథ. పెయింటు మాటే చెప్తాను. నీళ్లు తీశాక కారు మీద ఒండ్రు మట్టి పెచ్చు కట్టింది. కొంతమంది దాన్ని అలాగే వదిలేసి తెచ్చారు. కొంతమంది పాపం ఆత్రంగా తడిగుడ్డతో తుడిచేసి తెచ్చారు. వదిలేసిన కార్లకు ప్రెషర్‌తో నీళ్లు కొట్టి, నానబెట్టి కడిగితే పెయింటు దాదాపు ఎప్పటిలాగే బయటపడింది. తుడిచిన కార్ల మీద చెయ్యి ఆడించిన దారి మొత్తం గీతల్లో అచ్చయిపోయింది, ఎక్కడ మొదలెట్టి ఎక్కడ అలసిపోయారో చెప్పేయొచ్చు.

కాబట్టి పాలిష్ కన్నా ముందు గుడ్డ మార్చు. రోజూ తుడిపించడం మానెయ్, దుమ్ము పడితే పడనీ. పది రోజులకోసారి కడిగించు, వీలైతే నువ్వే కడుక్కో. ముందు గుడ్డ తగలకుండా నీళ్లు బాగా కొట్టి వదులుగా ఉన్న మట్టి దిగిపోనివ్వాలి. తర్వాత కార్ షాంపూ. బట్టల సబ్బుపొడి వద్దు. రెండు బకెట్లు పెట్టుకో, ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. కారు రుద్దే మెత్తటి గ్లవ్‌ను ప్రతిసారీ ఉత్త నీళ్లలో జాడించాకే షాంపూలో ముంచాలి. పైకప్పు నుంచి కిందికి దిగాలి, కింది డోర్ల అడుగు చివర్లో, చక్రాలకు వేరే గుడ్డ. ఆరబెట్టడానికి మందమైన మైక్రోఫైబర్ టవల్ పరిచి అద్దు, రుద్దకు. టవల్ కింద పడిందా, ఆ రోజుకు దాని పని అయిపోయినట్టే. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఎండలో కడిగి ఆరనిస్తే తెల్ల చుక్కలు పడతాయి, అవి పెయింటును కొరుకుతాయి. మునిసిపల్ నీళ్లు దొరికితే చివర్లో ఒక్క బకెట్ వాటితో పోసుకున్నా చాలు.

ఇప్పుడు అసలు పని, అంటే పెయింట్ కరెక్షన్ ఎలా జరగాలో చెప్తాను. నువ్వే చేసుకున్నా, ఎవరి చేత చేయించినా వరుస ఇదే.

గోరు పరీక్షతో మొదలుపెట్టు. గీత మీద గోరు అడ్డంగా మెల్లగా ఆడించు. గోరు తట్టుకుంటే అది పాలిష్‌తో పోయేది కాదు, దాని జోలికి వెళ్లకు. సాలెగూడు గీతలకు గోరు తట్టుకోదు. తర్వాత పెయింట్ గేజ్, అంటే పెయింటు మందం కొలిచే చిన్న మీటరు. కారంతా ప్యానెల్‌కు నాలుగైదు చోట్ల పెట్టి అంకెలు చూడాలి. అన్నీ 100, 110 ఉండి ఒక్క డోర్ 220 చూపిస్తే అది మళ్లీ పెయింటు వేసిన డోర్. 500 దాటితే కింద లప్పం ఉన్నట్టే. ఎక్కడైనా 80 లోపు కనిపిస్తే నేనైతే గట్టి కాంపౌండ్ ముట్టుకోను. మళ్లీ వేసిన పెయింటు మందంగా ఉంది కదా అని ధీమా పడకూడదు కూడా. కంపెనీలో పెయింటు 140 డిగ్రీల దాకా వేడిలో కాలుతుంది, బయట బూత్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరుతుంది. బయటి పెయింటు సాధారణంగా మెత్తగా ఉంటుంది, తొందరగా వేడెక్కి లాగుతుంది. ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు గేజ్ పనిచేయదు, అక్కడ వేడి కూడా చల్లారదు, కాబట్టి చెయ్యి తేలిగ్గా ఉండాలి.

కడిగాక తారు మచ్చలు తీసి, ఇనుప పొడి కరిగించే ద్రవం కొట్టి, క్లే బార్‌తో, అంటే అంటుకున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్దతో, నున్నగా చేసుకోవాలి. అరచేతిని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి బోనెట్ మీద ఆడిస్తే గరుకు ఉందో లేదో ఇట్టే తెలుస్తుంది. గరుకు వదిలేసి మిషన్ పెడితే ఆ గరుకే కొత్త గీతలు పెడుతుంది.

మిషన్ విషయంలో మొహమాటం లేకుండా చెప్తాను, కొత్తవాళ్లకు రోటరీ వద్దు. డ్రిల్ మిషన్‌కు స్పాంజి తగిలించడం అసలే వద్దు. డ్యూయల్ యాక్షన్ మిషన్ తీసుకో, మేం డీఏ అంటాం. అది తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఒకే చోట వేడెక్కదు. రోటరీ చేతకానివాడు పట్టుకుంటే సాలెగూడు పోయి దాని బదులు ఎండలో వంకర్లు తిరిగే నీడలు వస్తాయి, వాటిని హోలోగ్రామ్‌లంటాం. డీఏ వెనక ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక గీత గియ్యి. నొక్కుడు ఎక్కువైతే ప్లేటు తిరగడం ఆగిపోయి ఊగుతూ మాత్రం ఉంటుంది, ఆ గీత నిలిచిపోతే తెలిసిపోతుంది. ప్లేటు తిరగకపోతే పని జరగట్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం టెస్ట్ స్పాట్. బోనెట్ మధ్యలో అడుగున్నర చదరం టేప్ వేసి వేరు చెయ్యి. అక్కడ అన్నిటికన్నా మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్‌తో మొదలుపెట్టు. బఠాణీ గింజంత చుక్కలు నాలుగు. తక్కువ స్పీడులో పరిచి, తర్వాత నాలుగు, ఐదు నంబర్ల స్పీడులో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ఒక వరుస మీద ఇంకో వరుస సగం ఎక్కేలా. చెయ్యి సెకనుకు అంగుళం చొప్పున కదలాలి. తొంభై శాతం మంది ఇక్కడే చెడగొడతారు, చపాతీ కాల్చినంత తొందర. నాలుగైదు సార్లు తిరిగాక తుడిచి, షెడ్డులో లైట్లన్నీ ఆపేసి ఒక్క ఎల్ఈడీ టార్చితో చూడు. ట్యూబ్‌లైటు గీతల్ని దాచేస్తుంది, టార్చి దాచదు. గీతలు పోయాయా, కారంతా అదే. పోలేదా, పాలిష్ మార్చకుండా ముందు ప్యాడ్ ఒక మెట్టు గట్టిది పెట్టు. అప్పటికీ పోకపోతేనే కాంపౌండ్. కాంపౌండ్ వాడితే తర్వాత సన్న పాలిష్‌తో మళ్లీ తిరగాలి, లేకపోతే నలుపు మీద పొగమంచులా మసక మిగులుతుంది. ఒకే కంపెనీ కార్లలోనే ఒక రంగు క్లియర్ మెత్తగా, ఇంకోటి రాయిలా ఉంటుంది, అందుకే వేరేవాళ్ల కారుకు పనిచేసిన ప్యాడ్, పాలిష్ జత నీ కారుకు చేస్తుందని చెప్పలేం.

ప్రతి చదరానికీ ప్యాడ్‌ని బ్రష్‌తో దులపాలి. ఎండలో మాత్రం ఈ పని పెట్టుకోకు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ మనది, నల్ల బోనెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, పాలిష్ క్షణంలో ఎండి పిండి అవుతుంది. వేసవిలో మేం తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టి పదికల్లా ఆపేస్తాం. ఒక్క సెడాన్‌కు రెండు రోజులు పడుతుంది. రెండు గంటల్లో ఇచ్చేస్తామనేవాళ్లు చేసేది వేరే పని.

ఆ వేరే పని ఏమిటంటే గ్లేజ్. నూనెలు, మైనం లాంటివి కలిసిన క్రీము గీతల్లో నింపుతారు. డెలివరీ రోజు కారు అద్దంలా ఉంటుంది. నాలుగైదు వాష్‌లయ్యాక గీతలన్నీ అత్తారింటి నుంచి తిరిగొచ్చిన చుట్టాల్లా వరుసగా దిగుతాయి. పనివాడి నిజాయితీ తెలుసుకోవాలంటే ఒకటే మార్గం. పాలిష్ అయిన చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లు చల్లి తుడిచి, అప్పుడు టార్చి వేసి చూపించమను. నూనె పోయాక కూడా గీత కనబడకపోతే పని జరిగినట్టు. చూపించడానికి నసిగితే తాళాలు తీసుకుని వచ్చెయ్.

టెఫ్లాన్ అని మన దగ్గర అమ్మేది పైన పూసే రక్షణ పూత. నీళ్లు జారతాయి, కొన్ని నెలలు ఉంటుంది, గీతలతో దానికి సంబంధం లేదు. సిరామిక్ అంతకన్నా గట్టిది, ఎక్కువ కాలం ఉంటుంది, కడగడం తేలిక చేస్తుంది. అదీ గీతను నింపదు, ఉన్న గీతల మీద వేస్తే వాటికి గాజు ఫ్రేము కట్టించినట్టు. పైగా 9హెచ్ అంటే అందరూ వజ్రంలా గట్టి అనుకుంటారు. అది పెన్సిల్ గట్టిదనాన్ని కొలిచే లెక్క, 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడదని అర్థం. ఇసుక ఆ పెన్సిల్ కన్నా చాలా గట్టిది. గీతలే పడకూడదంటే పెయింటు మీద అతికించే పారదర్శకమైన పీపీఎఫ్ ఫిల్మ్ ఉంది, సన్న గీతలు ఎండ వేడికే పూడుకుంటాయి, కానీ కారంతా వేయించడం ఖరీదైన వ్యవహారం. టూత్‌పేస్ట్ సంగతి, అదీ అరగదీసే పదార్థమే, కాకపోతే పళ్ల కోసం చేసింది. నల్ల కారు మీద రుద్దితే గీత బదులు మసక మచ్చ మిగులుతుంది.

ఇప్పుడు పెళ్లి సంగతి. కారు ముస్తాబు చేసేవాళ్లను ఎప్పుడైనా దగ్గరుండి చూశావా? బోనెట్ మీద పూల గుత్తి పెట్టి, దాని కింద ఇనప తీగ, చుట్టూ బంతిపూల దండలు లాగి సెల్లో టేపు అంటిస్తారు. విజయవాడ నుంచి గుంటూరు దాకా హైవే మీద గాలికి ఆ దండలూ తీగా బోనెట్‌ను కొడుతూనే ఉంటాయి. తర్వాత పసుపు, కుంకుమ, కొబ్బరికాయ నీళ్లు. చివరికి ఎవరో మామయ్య చేతిరుమాలుతో ఆ కుంకుమ తుడుస్తాడు. రెండు రోజులు కష్టపడి క్లియర్ అరగదీసి చేసిన పని ఒక్క పూటలో పోతుంది, మళ్లీ అరగదీయాలి. నీకున్న 40 మైక్రాన్లలోంచి రెండుసార్లు ఖర్చు ఎందుకు?

అందుకని పెళ్లికి రెండు రోజుల ముందు బాగా కడిగి, క్లే చేసి, చేత్తోనే గ్లేజ్ పూసి, పైన ఒక కోటు వ్యాక్స్ వెయ్యి. ఇందాక తిట్టిన గ్లేజే, ఔను. దాస్తున్నామని తెలిసి దాస్తే మోసం కాదు కదా, పెళ్లి ఫోటోల్లో బోనెట్ బావిలో నీళ్లలా నల్లగా కనిపిస్తుంది, అంతవరకు చాలు. పూల గుత్తి పెట్టే చోట మందమైన మైక్రోఫైబర్ గుడ్డో, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటో పరిచి దాని మీదే పెట్టమను. టేపు పెయింటు మీద కాకుండా అద్దాల మీదా, బోనెట్ లోపలి అంచుల్లో అంటించమను, దండల దారాలు డోర్ సందుల్లోంచి లోపలికి కట్టొచ్చు. ముస్తాబు తీసేశాక పసుపు కుంకుమలు ఎవరినీ తుడవనివ్వకు, నీళ్లు కొట్టి దించు. లేత రంగు కార్లకు పసుపు మరక మిగిలినా కంగారు పడకూడదు, నాలుగు రోజులు ఎండలో పెడితే చాలావరకు అదే వెలిసిపోతుంది. నీది నలుపు కాబట్టి ఆ బాధ లేదు.

అప్పగింతలు, సత్యనారాయణ వ్రతం అన్నీ అయ్యాక, ఊపిరి పీల్చుకున్నాక ఒక రోజు పొద్దున్నే ఎండ ఎక్కకముందు కారును ఏదైనా మంచి షెడ్డుకు తీసుకెళ్లు. రేటు మాట్లాడే ముందే గేజ్ పెట్టించి, ప్యానెల్‌వారీగా అంకెలు ఫోన్‌లో రాసుకో. పని అయ్యాక అవే చోట్ల మళ్లీ పెట్టించు. ఆ రెండు వరుసలూ నాకు పంపితే సుమారుగా ఎంత పోయిందో, ఇంకెన్నిసార్లు చేయించుకోవచ్చో చెప్తాను.